నాలుగో పంపు: మామూలే

మొదటి రోజు

ఈ చిట్టా ఎవరూ చదవరట. మా కేంద్రానికి పెద్ద అయిన రాజుగారు ఆ మాట మూడుసార్లు చెప్పారు. అంటే ఎవరో ఒకరు చదువుతారనే నా అనుమానం. రోజూ పది నిమిషాలు కూర్చుని మనసులో ఉన్నది రాయాలి. రాశామో లేదో చేతికున్న పట్టీ చూసుకుంటుంది, ఏం రాశామో చూడదు. సరే, చదివేవాళ్ళుంటే చదువుకోండి. నా పేరు పైడితల్లి. వయసు యాభై రెండు. భీమిలి ఒడ్డుకి పదకొండు కిలోమీటర్ల దూరంలో, సముద్రం మీద తేలుతున్న ఈ మంచినీటి కేంద్రంలో పంపుల బాధ్యత నాది. ఉప్పునీళ్ళు మింగి ఒడ్డుకి మంచినీళ్ళు తోసే ఈ నాలుగు పంపులూ ఇరవై రెండేళ్ళుగా నా మాట వింటున్నాయి. మనుషులే వినరు.

ఈ రాతల బాధ ఎందుకొచ్చిందంటే, మా కలివిడి సూచీ ముప్ఫై ఒకటికి పడిపోయింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళ గుండె నెమ్మదించిందా, గొంతు మెత్తబడిందా అని పట్టీ లెక్కకట్టి ఒడ్డుకి పంపుతుంది. మనసు కుదుటపడితే పచ్చగా వెలుగుతుంది. వరసగా మూడు పక్షాలు సూచీ నలభైకి తగ్గితే కేంద్రంలోంచి మనుషుల్ని దింపేసి మొత్తం యంత్రాలకే అప్పగిస్తారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని మనుషులు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని వాళ్ళ వాదన. మాకు ఇప్పటికి రెండు పక్షాలు అయిపోయాయి. ఉన్న ఎనిమిదిమందిలో అందరికన్నా తక్కువ నాదే, తొమ్మిది.

అందుకని ఇవాళ పడవలో కౌముది అనే ఆవిడ దిగింది. బాపట్ల వైపు మనిషి, ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. ఉద్యోగం పేరు కలివిడి మేస్త్రీ. భుజాన ఒక సంచీ, చంకలో ఒక చాప. పనిముట్టన్నది ఒక్కటీ లేదు. "మేస్త్రీ అంటే చేతిలో తాపీ అయినా ఉండాల కదమ్మా" అన్నాను. నవ్వి, "మీ పంపులు చూపిస్తారా అండీ?" అంది. అదేమైనా సినిమానా చూడ్డానికి అన్నాను. దానికీ నవ్వింది. నన్ను చూసి నవ్వేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు.

మూడో రోజు

మా పంపుల గదికి ఒక పద్ధతి ఉంది. పెట్టింది నేనే. పంపులు ఎండ ఉన్నంతసేపే తిరుగుతాయి. పొద్దుట ఆరు నుంచి పన్నెండు దాకా నేను, పన్నెండు నుంచి పొద్దుగూకేదాకా దాలినాయుడు. పన్నెండింటికి ఇద్దరం ఒక్కో పంపు మీదా అరచెయ్యి ఆనించి నిలబడతాం. నేను పొద్దుటినుంచి విన్నదీ కన్నదీ నోటితో చెప్తాను. వాడు ఊఁ అన్నాక పుస్తకంలో రాసి సంతకం పెడతాను. తెర మీద ఎన్ని అంకెలు కనిపించినా సరే, షిఫ్టు దిగేవాళ్ళు చెప్పనిది ఎక్కేవాళ్ళకి తెలియనట్టే లెక్క.

దాలినాయుడు ఇక్కడికి వచ్చినప్పుడు ఇరవై ఏళ్ళవాడు. బేరింగుకి గ్రీజు పెట్టమంటే అన్నానికి నెయ్యి వేసినట్టు ధారపోశాడు. పదహారేళ్ళుగా వాడికి ఒక్కో చప్పుడూ నేర్పించాను. ఇనప కడ్డీ ఒక కొస బేరింగు మీద, ఇంకో కొస చెవికి ఆనించి వినడం నేర్పాను. సొంత తమ్ముడికన్నా వాడే నాకు ఎక్కువ. ఈ మాట వాడితో అనలేదు, అంటే నెత్తికెక్కుతాడు.

ఇవాళ మా అప్పగింతలోకి ఆవిడ దూరింది. యంత్రం సంగతి ఒక నిమిషం, మనిషి సంగతి ఒక నిమిషం చెప్పుకోవాలట. ముందు మనిషి సంగతట. దాలినాయుడి ఎదురుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి, నెమ్మదిగా "మీరెలా ఉన్నారు నాయుడు గారూ?" అని అడిగింది. వాడు ఆవిడ మొహం కేసే చూస్తూ, "మా పాప బడికెల్తందండి. మొదటి రోజు నాను దగ్గిర లేను" అన్నాడు. వాడి కూతురు బడికి వెళ్తోందన్న సంగతి నాకు తెలియదు. తర్వాత నన్నడిగింది. బాగానే ఉన్నానన్నాను. ఇంకా అంది. ఇంకా బాగానే ఉన్నానన్నాను.

ఆరో రోజు

నాలుగో పంపు అదురుని కనిపెట్టే సెన్సరు ఉప్పు పట్టి చచ్చిపోయింది. ఆ పంపు మిగిలిన మూడింటికన్నా పాతది. కొత్త సెన్సరు ఇరవై ఏడో రోజు సరుకుల ఓడలో వస్తుందట. అప్పటిదాకా దానికి మా చెవులే దిక్కు. నాకదేం బెంగ లేదు. సెన్సర్లు లేని రోజుల్లో పుట్టిన చెవులు నావి.

బెంగ వేరే. నేనూ దాలినాయుడూ పదకొండున్నరకి పంపుల గది గుమ్మం దగ్గర కూర్చుని తింటాం. నా కేరేజీలో కూర వాడికి, వాడి కేరేజీలో పచ్చడి నాకు. ఇవాళ వాడు రాలేదు. పైకెళ్ళి చూస్తే ఆవిడ చాప పరుచుకుని కూర్చుంది, వాడు ఆవిడకి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతున్నాడు. వాడి పట్టీ పచ్చగా వెలుగుతోంది. ఈ పట్టీలొచ్చి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళలో నా పక్కన ఒక్కసారి కూడా అది పచ్చబడలేదు.

వెనకనుంచి "ఒరే నాయుడూ" అని పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆవిడ వాడి మోచెయ్యి తట్టి నా వైపు చూపిస్తే అప్పుడు తిరిగి, "ఏటక్కా, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఆరు రోజులకే నా గొంతు వాడికి చేదయిపోయింది. వాడికిష్టమని చేసిన ఎండురొయ్యల గోంగూర సముద్రంలో పారేశాను.

తొమ్మిదో రోజు

సూచీ ముప్ఫై ఎనిమిదికి ఎక్కింది. అందరూ ఆవిడ మాటే. నోరు మంచిదైతే ఊరు మంచిదని రాజుగారు నా వైపు చూసి మరీ అన్నారు.

ఆవిడ చేసే పనేమిటా అని రెండు రోజులు కాపు కాశాను. ఏమీ చెయ్యదు. ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంటుంది. అవతలివాళ్ళు చెప్పేదాకా ఊరుకుంటుంది. చెప్తుంటే ఊఁ అంటుంది. ఈ ఊఁకి ఒడ్డున మూడేళ్ళ చదువుందట. ఈ మాత్రం నాకు చేతకాదా అనుకుని వంటగదిలోకి వెళ్ళాను. వంటమనిషి సన్నాసమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. ఎదురుగా కూర్చుని, వీలైనంత మెత్తగా, "సన్నాసమ్మా, ఎలాగున్నావు?" అన్నాను. కత్తిపీట పక్కకి నెట్టి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏటైనాది పైడక్కా, ఒంట్లో బాగోలేదేటి?" అంది.

"నాకేటి కాలేదు. నీ సంగతి సెప్పు."

"కూర మాడిపోనాదని ఎవలేనా సెప్పినారా? మాడలేదు, అడుగు పట్టింది అంతే."

నా పట్టీ వైపు చూసుకున్నాను. ఎర్రగా ఉంది. సన్నాసమ్మ పట్టీ అంతకన్నా ఎర్రగా ఉంది. లేచి వచ్చేశాను.

పన్నెండో రోజు

ఆవిడ ఇప్పుడు పంపుల గదిలోనే కాపురం పెట్టింది. నా షిఫ్టులో కాదు. దాలినాయుడి షిఫ్టులో. వాడు పన్నెండింటికి ఎక్కితే ఆవిడ పన్నెండూ అయిదుకి వస్తుంది, పంపులు ఆగేదాకా వాడి పక్కనే నిలబడుతుంది. ఆ వేడిలో, ఆ మోతలో. మాటలైనా ఉంటాయా అంటే అవీ ఉండవు. ఊరికే నిలబడుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాదు. వాడికి పెళ్ళాం ఉంది, బిడ్డ ఉంది. నేను అలాంటి అనుమానం పడే మనిషిని కాను. అసలు అలాంటిదే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో, నాలుగు తిట్టి దార్లో పెట్టేదాన్ని. వాడికి నేనుండగా ఇంకో మనిషి తోడు కావలసి రావడం, అదీ నా బాధ.

ఇవాళ నా దగ్గరికే వచ్చింది. "పైడితల్లి గారూ, బేరింగు పాడయ్యేముందు కీచుమంటుందటగా. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు నేర్పిస్తారా?" అంది.

"ఎందుకు నీకు?"

"తెలుసుకుందామని."

"మనుషుల్ని నేర్చీసుకున్నావు, ఇంక పంపులు కూడానా? అది ఇరవయ్యేళ్ళు వింటే వస్తాది. పన్నెండు రోజులకి రాదు."

ఆవిడ నవ్వలేదు. "సన్నగా ఉంటుందా, బొంగురుగా ఉంటుందా? అదొక్కటీ చెప్పండి చాలు" అంది. నేను కడ్డీ గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాను. వెళ్ళిపోయింది. నాకు భలే హాయిగా అనిపించింది.

పద్నాలుగో రోజు

సూచీ నలభై ఏడు. కేంద్రం నిలబడింది. రాజుగారు అందరినీ పైకి పిలిచి కౌముదికి కండువా కప్పారు. సన్నాసమ్మ బెల్లం గవ్వలు చేసింది. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు దాలినాయుడు. మిగిలినవాళ్ళు ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు, చుట్టూ చూసి ఆపాడు. ఇరవై రెండేళ్ళలో ఈ కేంద్రం ఒక్కరోజు కూడా నీళ్ళు ఆపలేదు. దానికి నాకెవరూ కండువా కప్పలేదు.

గవ్వలు నోట్లో పెట్టుకోకుండా రాజుగారి గదికి వెళ్ళాను. పంపుల గదిలోకి పంపు మనుషులు తప్ప ఇంకొకరు రాకూడదని నియమం ఉందా లేదా అని అడిగాను. ఉందన్నారు. మరి ఆవిడ రోజూ ఆరేసి గంటలు అక్కడేం చేస్తోందన్నాను.

"పోన్లే పైడితల్లీ, ఆవిడ ఏదీ ముట్టుకోవట్లేదు కదా. నాయుడు కూడా ఆవిడుంటే కుదురుగా చేస్తున్నాడు" అన్నారు.

"రేపేదన్నా అయితే మీరు సమాధానం సెప్తారా?" అన్నాను. ఆ మాటతో ఆయన దారికొచ్చారు. సాయంత్రానికి, పంపు మనుషులు తప్ప ఎవరూ రాకూడదని గుమ్మానికి కాగితం అంటించారు.

కాగితం చూసి దాలినాయుడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకక్కా? ఆవిడుంటే నీకేటి కష్టం?"

"పంపుల దగ్గిర పరాయోళ్ళు ఎందుకురా?"

"అక్కా, అది కాదు" అని ఆగాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. నా మొహం చూసి మూసేశాడు. "నీకేటి సెప్పీది" అని వెళ్ళిపోయాడు. ఆవిడ లేకపోతే నిలబడలేనంతగా అయిపోయాడన్నమాట. గెలిచాను గానీ గెలిచినట్టు లేదు.

పదహారో రోజు

నాతో మాట్లాడటం తగ్గించాడు. షిఫ్టు ఎక్కగానే కడ్డీ తీసుకుని పంపు పంపుకీ తిరుగుతున్నాడట, పావుగంటకోసారి. కొస చెవికి కాకుండా దవడకి ఆనిస్తున్నాడని రాజుగారు చెప్పారు. నేను నేర్పింది అలా కాదు. ఇదంతా నా మీద కోపంతో ఆడుతున్న నాటకం అని రాసి పెడుతున్నాను.

పందొమ్మిదో రోజు

ఇవాళ ఇది రాస్తున్నది పది నిమిషాల కోసం కాదు, రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పదకొండూ నలభైకి నాలుగో పంపు చివరి బేరింగులో సన్నటి కీచు విన్నాను. దోమ చెవి దగ్గరికొచ్చి పోయినట్టు, అంతే. కడ్డీ పెట్టి విన్నాను. అనుమానం లేదు. ఆ చప్పుడు మొదలైతే చేయవలసింది ఒక్కటే, పంపు ఆపేసి బేరింగు మార్చడం. ఆగకుండా నడిపితే ఒక్కోసారి రెండు రోజులు లాగుతుంది, ఒక్కోసారి రెండు గంటలు.

పన్నెండయింది. దాలినాయుడు వచ్చాడు. మనిషి సంగతి అడగాలి కదా, "ఎలాగున్నావురా?" అన్నాను. "బాగానే ఉన్నాను" అన్నాడు. ఆవిడకైతే కూతురు, బడి. నాకైతే బాగానే ఉన్నాను. పంపుల మీద చేతులు ఆనించాం. ఒకటి చెప్పాను, రెండు చెప్పాను, మూడు చెప్పాను. నాలుగో పంపు దగ్గరికొచ్చేసరికి వాడు నా కళ్ళలోకి చూడటం మానేసి నోటి వైపు చూస్తున్నాడు. నా మొహం చూడటానికి కూడా రోతగా ఉందా వీడికి అనిపించింది. అప్పుడు పుట్టింది ఆ బుద్ధి.

నేను నేర్పినవాడే అయితే అరగంటలో వాడే వింటాడు. వినలేదంటే, ఆ కబుర్లలో పడి చెవులు పాడుచేసుకున్నాడన్నమాట. వినలేదని రేపు అందరి ముందూ రుజువు చెయ్యొచ్చు. కలివిడి మేస్త్రీ వచ్చి నా మనిషిని పనికి రాకుండా చేసిందని చెప్పొచ్చు. రెండింటికి నేనే వెళ్ళి పంపు ఆపేద్దాం, ఎవరికీ ఏమీ కాదు. ఇదంతా ఒక్క క్షణంలో అనుకున్నాను.

"నాలుగు?" అన్నాడు వాడు.

"మామూలే" అన్నాను. పుస్తకంలో కూడా అదే రాసి సంతకం పెట్టాను. 

ఒంటిగంటా పాతికకి బేరింగు తిరగకుండా పట్టేసింది. నేను అన్నం ముందు కూర్చున్నాను. కేంద్రం మొత్తం ఒక్కసారి కదిలింది. పరిగెత్తేసరికి నాలుగో పంపు షాఫ్టు విరిగి, దాన్ని మోటారుకి కలిపే కప్లింగు మూత ఎగిరి అవతల గోడకి పడి ఉంది. గది నిండా నీళ్ళు. దాలినాయుడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి మోచేతి కింద ఉండకూడని చోట వంగి ఉంది. నాకన్నా ముందే కౌముది అక్కడుంది, గుమ్మం మీద కాగితం ఉండగానే లోపలికి దూకింది. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, మొహం వాడికి కనపడేలా వంగి, ఏదో చెప్తోంది. నేను "నాయుడూ, నాయుడూ" అని అరుస్తూనే ఉన్నాను. వాడు నా వైపు తిరగలేదు.

ఇరవై ఒకటో రోజు

పడవలో వాడిని ఒడ్డున ఆసుపత్రికి చేర్చారు. చెయ్యి నిలబడుతుందట గానీ మునుపటిలా పట్టు రాదట. కేంద్రం ఒకరోజంతా ఆగిపోయింది, ఒడ్డున జనం ట్యాంకర్ల ముందు బిందెలు పెట్టుకున్నారట.

ఒడ్డు నుంచి ఇద్దరు విచారణ అధికారులు వచ్చారు. పుస్తకం చూశారు. నాలుగో పంపు, మామూలే, కింద నా సంతకం. తప్పు షిఫ్టులో ఉన్నవాడిదని తేలిపోయింది. తర్వాత పట్టీల లెక్కలు తీశారు. దాలినాయుడు అందరికన్నా ఎక్కువ మాట్లాడింది కౌముదితో. ఏం చెప్పేవాడని అడిగారు.

"నాకు నమ్మి చెప్పినవి నేను బయటపెట్టనండి" అంది ఆవిడ.

ఎంత గుచ్చి అడిగినా అదే మాట. వాళ్ళకి కోపమొచ్చింది. వచ్చే పడవలో ఆవిడ వెళ్ళిపోవాలన్నారు. రాజుగారు నన్ను పక్కకి పిలిచి, "నీ పుస్తకం సరిగ్గా ఉంది, నీకేం భయం లేదు" అన్నారు.

దాచుకోను. ఆవిడ పోతోందని వినగానే, ఇంత గొడవ మధ్యలో, నాకు సంతోషమేసింది. మూడు గంటల సేపు సంతోషంగా ఉన్నాను. సన్నాసమ్మ పెట్టిన అన్నం మొత్తం తిన్నాను.

ఇరవై రెండో రోజు

ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. చేతికి వైద్యం చెయ్యబోతూ ఒళ్ళంతా పరీక్ష చేశారట. దాలినాయుడికి రెండు చెవుల్లోనూ సన్నటి చప్పుళ్ళు వినపడవు. కనీసం మూడేళ్ళుగా. పంపుల మోత వల్లే అయి ఉంటుందని రాశారు.

రాజుగారు చదివిన కాగితం లాక్కుని నేనే మళ్ళీ చదివాను. వెనకనుంచి పిలిస్తే వాడు తిరగలేదు. అందరూ ఆపేశాక చప్పట్లు కొట్టాడు. కడ్డీ దవడకి ఆనించుకున్నాడు, ఎముకకైనా తెలుస్తుందని. నా నోటి వైపు చూశాడు. నేను రోజూ చూసినవే ఇవన్నీ. ఒక్కొక్కటీ నా మీద వాడి నిర్లక్ష్యం అనుకుని ఇందులోనే రాసుకున్నాను.

కౌముది గదికి వెళ్ళాను. బట్టలు సర్దుకుంటోంది. కాగితం సంగతి ఆవిడకీ తెలిసింది, ఇంక దాచడానికి ఏమీ లేదు.

"నీకెప్పుడు సెప్పినాడు?" అన్నాను.

"నేనొచ్చిన నాలుగో రోజున."

పదహారేళ్ళు నేను. నాలుగు రోజులు ఆవిడ. వాడి చెయ్యి విరిగిపోయి ఆసుపత్రిలో ఉంటే కూడా నా కడుపులో ముందు మండింది అదే.

"మరి నువ్వెందుకు దాచినావు? సెన్సరు లేని పంపు దగ్గిర వినపడని మనిషిని నిలబెట్టినావు" అన్నాను. కేకేశాను.

"తప్పే చేశానండి" అంది. "మీకు చెప్పమని రోజూ బతిమాలాను. కొత్త సెన్సరు వచ్చేస్తే చెవులతో పనుండదు, అప్పుడైతే అక్క నన్ను పంపెయ్యదు, ఆ రోజే చెప్తానన్నాడు. ఇరవై ఏడో రోజు కోసం వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. అప్పటిదాకా ఆయనకి బదులు నేను విందామనుకున్నాను. అందుకే ఆయన షిఫ్టంతా పక్కన నిలబడేదాన్ని. ఏం వినాలో నాకు సరిగ్గా తెలియదు. మిమ్మల్ని అడిగాను."

నేను వెనక్కి తిరిగి తలుపు మూసి వచ్చాను.

"నేను పంపీస్తానేటి? ఎందుకలా అనుకున్నాడు?"

ఆవిడ సర్దుతున్న చీర పక్కన పెట్టింది. "అప్పలస్వామి గారని ఉండేవారట కదండీ, పదేళ్ళ క్రితం. ఆయనకి చెవులు తగ్గాయని తెలిసిన రోజునే మీరు రాజుగారి దగ్గరికి తీసుకెళ్ళి పడవెక్కించారట. ఆయన సంచీ పడవలో పెట్టింది నాయుడు గారేనట."

అది నిజం. ఆ రోజు నేను సరైన పని చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా ఆ సంచీ ఎవరు మోశారో నాకు గుర్తు లేదు.

ఇరవై మూడో రోజు

పొద్దుటే అధికారుల దగ్గరికి వెళ్ళాను. పదకొండూ నలభైకి కీచు విన్నాననీ, తెలిసే మామూలే అని రాశాననీ చెప్పాను. ఎందుకని అడిగారు. కుళ్ళుతో అన్నాను. రాసుకుంటున్న ఒకాయన ఆగి, "అంటే, ఒత్తిడా?" అన్నాడు. "కాదు బాబూ, కుళ్ళు. అదే రాయండి" అన్నాను. ఆవిడని గదిలోంచి గెంటించింది కూడా నేనేనని, ఆవిడ ఉండి ఉంటే కనీసం ఇంకో చెవి ఉండేదనీ చెప్పాను.

రాజుగారు నా మొహం చూడలేకపోయారు. నన్ను పంపుల నుంచి తప్పించారు. విచారణ అయ్యేదాకా ఒడ్డున ఉండాలి. కౌముది ప్రయాణం ఆపారు. ఆవిడ తప్పు ఆవిడకి ఉంది, దాని లెక్క వేరే తేలుస్తారట. పంపుల గది తాళాలు బల్ల మీద పెట్టాను. సన్నాసమ్మ ఏమీ అడగకుండా నాకు దారికి పులిహోర కట్టిచ్చింది.

ఇరవై ఆరో రోజు

ఒడ్డు నుంచి రాస్తున్నాను. పట్టీ తీసేసుకున్నారు, అయినా రాస్తున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. దాలినాయుడు మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో బత్తాయి వలుచుకోలేక తంటాలు పడుతున్నాడు. వాడి పెళ్ళాం నన్ను చూసి పక్కకి జరిగింది. నేను కుర్చీ వాడి ఎదురుగా, వెలుతురు నా మొహం మీద పడేలా వేసుకుని కూర్చున్నాను. నెమ్మదిగా చెప్పాను.

"నేను విన్నానురా. నాలుగో పంపు కీచుమన్నాది. నీకు సెప్పలేదు."

వాడు నా నోటి వైపు చూశాడు. మళ్ళీ చెప్పమంటాడేమో అనుకున్నాను, అనలేదు.

"నువ్వు సెప్పింది నీ నోటి మీదే సదివేనక్కా. మామూలే అన్నావు. నీ నోటంట వొచ్చింది కదా అని, రోజూ పావుగంటకోసారి ఎట్టే కడ్డీ కూడా ఆయేళ దానికి ఎట్టలేదు" అన్నాడు. "ఎందుకక్కా?"

"ఆవిడంటే కుళ్ళు. నువ్వు ఆవిడ ఎనకాల పడి నన్ను ఒగ్గీసినావని కుళ్ళు. నువ్వు ఇనలేదని అందరికీ సూపిద్దామనుకున్నాను. రెండింటికి నానే వొచ్చి ఆపీద్దామనుకున్నాను."

వాడి పెళ్ళాం లేచి బయటికి వెళ్ళిపోయింది. వాడు వలవని బత్తాయి పక్కన పెట్టేశాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఒక మాట అడుగుతాను, నిజం సెప్పక్కా" అన్నాడు. "మూడేళ్ళ కిందట, మొదట్లోనే, అక్కా నాకు ఇనపడ్డం లేదని నీకు సెప్పుంటే నన్నేటి సేద్దువు?"

నిన్ను కడుపులో పెట్టుకుని దాచేదాన్ని అని చెప్పాలనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వాడు కళ్ళార్పకుండా నా పెదాల వైపే చూస్తున్నాడు.

"ఒడ్డుకి పంపీద్దును" అన్నాను.

వాడు తల ఊపాడు.

"ఆవిడైతే వొచ్చి నా పక్కన నిలబడిందక్కా" అన్నాడు.